విల్‌హెల్మ్ రాంట్‌జెన్

జర్మనీ దేశమునందలి లెనెప్ పట్టణమున 1845వ సంవత్సరము మార్చి 27వ తేదీన విల్‌హెల్మ్ రాంట్‌జెన్ జన్మించెను. తండ్రి వస్త్రవ్యాపారి. బాలునకు మూడేండ్ల ప్రాయమున ఆ కుటుంబము హాలెండు దేశమునకు తరలిపోయెను.

ఊట్రెక్ట్ నగరమున చదువుచుండగా అతనికొక ఆపద వచ్చెను. తోడి విద్యార్థి యొకడు ఒక ఉపాధ్యాయుని వికృతముగా చిత్రించెను. బొమ్మ గీసినవాని పేరు చెప్పుమని యెంత నిర్బంధించినను రాంట్‌జెన్ చెప్పలేదు. అందుచే అతనినే పాఠశాలనుండి వెడలగొట్టిరి. పాఠశాల ముగించిన యోగ్యతాపత్రము లేకపోయినను, స్విట్జర్లాండులోని జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో 1865లో చేరి, 1869లో డాక్టరు పట్టము పొందెను. తరువాత వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయము ఆ పత్రము లేదనియే అతనికి బోధనాధికారమును నిరాకరించెను. విచిత్రమేమనగా, 1888లో ఆ విశ్వవిద్యాలయమే ఆయనను భౌతికశాస్త్రాచార్యునిగా పిలిచెను!

అది 1895 నవంబరు 8వ తేదీ. గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును పంపుచు రాంట్‌జెన్ ప్రయోగము చేయుచుండెను. గొట్టమును నల్లని అట్టతో కప్పి, గదిని చీకటి చేసెను. అంతలో కొంత దూరముననున్న బేరియం ప్లాటినోసయనైడు పూత తెర వెలుగుట ఆయన కంటబడెను. అట్టను దాటి వెలుతురు రాజాలదు. మరి తెరను వెలిగించిన దేమి? వేరొకరైనచో మరునాడే లోకమునకు చాటియుందురు. ఆయన ఏడు వారములు ప్రయోగశాలయందే భుజించుచు, నిద్రించుచు, కాగితము, కొయ్య, లోహము మున్నగువానిని అడ్డుపెట్టి పరీక్షించెను. తత్త్వము తెలియని కిరణములగుటచే వానికి ఎక్స్‌కిరణములని పేరిడెను. డిసెంబరు 22వ తేదీన భార్య బెర్తా చేతిని ఫోటోపలకపై చాలసేపు కదలకుండ ఉంచగా, వ్రేళ్ళ యెముకలును ఉంగరమును దానిపై ముద్రితములయ్యెను. 28వ తేదీన పరిశోధనావ్యాసమును సమర్పించెను.

ఆ చిత్రమున యెముకల నడుమ సందులు కూడ కలవు. చూచుటకు ఖాళీగా తోచును గాని, వానిలో మృదులాస్థి యను మెత్తని పదార్థముండును. ఎక్స్‌కిరణములు దాని గుండ సులభముగా పోవుటచే అది చిత్రమున కానరాదు. మృదులాస్థి అరిగినకొలది యెముకలు దగ్గరకు జరుగును, సందు ఇరుకగును. కనబడని వస్తువును కనబడు సందుచే కొలుచుట యిట్లు సాధ్యమైనది. కీళ్ళ అరుగుదల వ్యాధిని వైద్యులు ఈ గుర్తుతోనే పోల్తురు. రాంట్‌జెన్ మరణించిన ముప్పదినాలుగేండ్లకు, 1957లో, కెల్‌గ్రెన్, లారెన్స్ అను వైద్యులు సందు ఇరుకును, ఎముక అంచుల పెరుగుదలలను చూచి, ఈ వ్యాధికి సున్న మొదలు నాలుగు వరకు తరగతులు నిర్ణయించిరి.

క్రొత్త మందును పరీక్షించువారు రోగుల నెన్నుకొనుటకు ఈ తరగతులనే వాడుదురు. సున్న తరగతివారికి మందు అవసరమే లేదు. నాలుగవ తరగతివారిలో కాపాడుటకు మృదులాస్థి మిగిలియుండదు. కావున తరచుగా రెండు, మూడు తరగతులవారిని తీసికొందురు. ఎన్నిక తప్పినచో మంచి మందు కూడ పనికిరానిదని త్రోసివేయబడవచ్చును. పని చాల సున్నితమైనది: రోగి నిలువబడక పరుండినను, మోకాలు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వంగినను సందు కొలత మారిపోవును. ఏడాదిలో తరుగునది మిల్లీమీటరులో స్వల్పభాగమే గదా! పైగా నొప్పికిని చిత్రమునకును పొత్తు ఎల్లప్పుడు కుదరదు. అందుచే మృదులాస్థినే చూపగల ఎమ్.ఆర్.ఐ. చిత్రములను కూడ నేడు వాడుచున్నారు. అయినను అరుగుదలను నిలుపగల మందు ఇంకను లభింపలేదు.

రాంట్‌జెన్ తన కిరణములపై పేటెంటు తీసికొనలేదు. అవి అందరి సొత్తని ఆయన అభిప్రాయము. భౌతికశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమానము 1901లో ఆయనకే లభింపగా, ఆ ధనమును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసెను. 1919లో బెర్తా మరణించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము జర్మనీలో నాణెము విలువ పడిపోగా ఆయన కూడబెట్టినది కరగిపోయెను. 1923 ఫిబ్రవరి 10వ తేదీన మ్యూనిచ్ నగరమున, ప్రేవు క్యాన్సరుచే రాంట్‌జెన్ కన్నుమూసెను. ఆయన కోరిక ననుసరించి ఆయన ఉత్తరములను, పరిశోధనా పత్రములను చాలవరకు నాశనము చేసిరి.