లాయరు లింకన్

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు అబ్రహాం లింకన్‌ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఐదు డాలర్ల నోటు మీద బొమ్మ ఆయనదే. బానిసత్వాన్ని రద్దు చేయించిన ప్రెసిడెంటుగా స్కూల్లో చదువుకుంటారు. కానీ ఆయన ప్రెసిడెంటుగా ఉన్నది నాలుగేళ్ళు దాటి నెలన్నర మాత్రమే. అంతకుముందు ఇల్లినాయ్ రాష్ట్రంలో పాతికేళ్ళ దాకా ప్లీడరు వృత్తిలో ఉన్నాడు. ఐదు వేలకు పైగా కేసుల్లో ఆయన చెయ్యి ఉందని కోర్టు కాగితాలు వెతికినవాళ్ళు లెక్క తేల్చారు. ఈ వ్యాసం ఆ పాతికేళ్ళ గురించి.

మనలో వీసా కోసమో, ఇంటి తగాదా కోసమో లాయరు గుమ్మం ఎక్కినవాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మనకి కావలసింది సెక్షన్లు ఒక్కటే కాదు. గుండె దడ తగ్గేలా ఎవరైనా మన మాట చివరిదాకా వినాలి. లింకన్‌కి ఈ సంగతి చదువు వల్ల తెలియలేదు. ఆయన బడికి వెళ్ళింది అంతా కలిపినా ఏడాది కూడా లేదు.

1809 ఫిబ్రవరి 12న కెంటకీలో ఒక దుంగల గుడిసెలో పుట్టాడు. తొమ్మిదేళ్ళకు తల్లి పోయింది. సవతి తల్లి సారా ప్రేమగా పెంచింది. 1828లో ఒక్కగానొక్క అక్క పురిట్లో పోయింది. 1831లో ఇరవై రెండేళ్ళ వయసులో న్యూ సేలం అనే చిన్న ఊరికి వచ్చి, కొట్లో గుమాస్తాగా కుదిరాడు. ఆ ఊరి కుర్రకారుకి నాయకుడు జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్. కొత్తగా వచ్చిన ఈ పొడుగాటి మనిషితో కుస్తీ పట్టి, ఆ తరవాత ప్రాణస్నేహితుడయ్యాడు. జాక్ భార్య హన్నా లింకన్‌కి అన్నం పెట్టేది, చిరిగిన బట్టలు కుట్టిపెట్టేది. మన పల్లెల్లో అయితే ఆవిణ్ణి వదినా అని పిలిచేవాడు. వాళ్ళ పసివాడు డఫ్‌ని లింకన్ ఉయ్యాల ఊపేవాడని చెబుతారు. ఈ పసివాడి పేరు గుర్తుంచుకోండి.

పుస్తకాలు అరువు తెచ్చుకుని తనంతట తనే లా చదివి 1836లో లైసెన్సు సంపాదించాడు. మరుసటి ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్ చేరినప్పుడు పరుపూ దుప్పట్లూ కొనడానికి పదిహేడు డాలర్లు లేవు. కొట్టు యజమాని జాషువా స్పీడ్ ఆ ముఖంలో దిగులు చూసి, మేడ మీద తన గదిలోనే చోటిచ్చాడు. 1841 జనవరిలో మేరీ టాడ్‌తో నిశ్చయమైన పెళ్ళి చెదిరింది. లింకన్ ఎంత కుంగిపోయాడంటే, ఏ అఘాయిత్యం చేసుకుంటాడో అని స్నేహితులు కనిపెట్టుకుని ఉండవలసి వచ్చింది. ఆ వేసవిలో స్పీడ్ ఆయన్ని కెంటకీలోని తన పుట్టింటికి పిలిపించుకుని వారాల తరబడి ఉంచుకున్నాడు. మరుసటి ఏడాది పెళ్ళి విషయంలో స్పీడే బెంగపడితే, ఈసారి ధైర్యం చెబుతూ ఉత్తరాలు రాసింది లింకన్. మేరీతో ఆయన పెళ్ళి కూడా 1842 నవంబరులో జరిగింది. ఎదుటి మనిషి దిగులుకి మందు వాదన కాదు, పక్కన కూర్చోవడమని ఆయన నేర్చుకున్నది ఆ ఏడాదే అని నా అభిప్రాయం.

అప్పట్లో కోర్టే ఊరూరా తిరిగేది. ఏడాదికి రెండుసార్లు, వారాల తరబడి, జడ్జి వెంట ప్లీడర్లు గుర్రాల మీద బయలుదేరేవారు. సత్రాల్లో ఒక్కో మంచానికి ఇద్దరు. ఊళ్ళో దిగగానే కక్షిదారులు చుట్టుముట్టేవారు. కేసు వినడానికి దొరికే సమయం ఒక్కోసారి గంటే. కొత్త లాయర్ల కోసం రాసుకున్న నోట్సులో లింకన్, వీలైనంతవరకు దావా వెయ్యనివ్వకండి, ఇరుగుపొరుగుని రాజీకి ఒప్పించండి, గెలిచినవాడు కూడా ఖర్చులతో ఓడిపోతుంటాడు అనే అర్థం వచ్చేలా రాశాడు. అలాగని ధర్మసత్రం నడిపినవాడు కాదు. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్‌రోడ్ కంపెనీ ఐదు వేల డాలర్ల ఫీజు ఇవ్వకపోతే ఆ కంపెనీ మీదే దావా వేసి రాబట్టాడు.

1846లో రెబెకా థామస్ అనే ముసలావిడ వచ్చింది. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుడి వితంతువు. పింఛను ఇప్పించిన ఏజెంటు అందులో పెద్ద వాటా మింగేశాడు. లింకన్ ఫీజు పుచ్చుకోలేదనీ, ఆవిడ హోటలు ఖర్చు కూడా తనే పెట్టుకున్నాడనీ ఆయన భాగస్వామి హెర్న్‌డన్ రాశాడు. హెర్న్‌డన్‌కి కథ కాస్త పెంచి చెప్పే అలవాటుంది, కానీ ఆ కేసు నిజం.

1847 నాటి కేసు మాత్రం చెప్పకుండా దాటెయ్యకూడదు. జేన్ బ్రయంట్ అనే నల్లజాతి తల్లి, తననూ నలుగురు పిల్లలనూ యజమాని మాట్సన్ దక్షిణాదికి అమ్మేస్తాడని భయపడి, ఇల్లినాయ్‌లో కొందరిని ఆశ్రయించింది. ఆ తల్లీపిల్లలు వారాల పాటు జైల్లో ఉన్నారు. కోర్టులో లింకన్ నిలబడింది వాళ్ళ తరఫున కాదు, మాట్సన్ తరఫున. ఆ కేసు ఓడిపోయాడు. జేన్ పిల్లలతో సహా స్వేచ్ఛ పొందింది. లాయరు ఓదార్పు ఎప్పుడూ తన కక్షిదారుకే. అవతలి బల్ల దగ్గర కూర్చున్న తల్లి దాకా ఆ రోజు అది వెళ్ళలేదు. లింకన్ అభిమానులు ఈ కేసు గురించి నూటపాతికేళ్ళుగా సాకులు వెతుకుతూనే ఉన్నారు. నాకు ఏదీ సరిపోయినట్టు అనిపించలేదు.

1850లో రెండో కొడుకు ఎడ్డీ నాలుగేళ్ళయినా నిండకుండా పోయాడు. ఆ తరవాత ఏడేళ్ళకు ఉయ్యాల్లో ఊపిన డఫ్ మీద హత్యకేసు వచ్చింది. 1857 ఆగస్టు 29 రాత్రి ఒక ప్రార్థన సభ దగ్గర తాగుడు గొడవ జరిగి, మెట్స్‌కర్ అనే అతను దెబ్బలు తిని చనిపోయాడు. డఫ్ జైల్లో ఉండగానే తండ్రి జాక్ కన్నుమూశాడు. ఒంటరిదైన హన్నా లింకన్ సాయం కోరింది. అప్పటికి ఆయన సెనేట్ పోటీకి సిద్ధమవుతున్నాడు. అయినా 1858 మే 7న బియర్డ్స్‌టౌన్ కోర్టుకి వచ్చాడు. అలెన్ అనే సాక్షి, రాత్రి పదకొండు గంటలవేళ దూరం నుంచి, వెన్నెల వెలుగులో డఫ్ కొట్టడం చూశానన్నాడు. లింకన్ తొందరపడలేదు. ఎంత వెన్నెల, చంద్రుడు ఎక్కడున్నాడు అని అదే మాట పదేపదే చెప్పించాడు. ఆ తరవాత ఆల్మనాక్ తెరిచాడు. ఆల్మనాక్ అంటే మన పంచాంగం లాంటిదే. ఆ వేళకు చంద్రుడు పడమట దిగువకు వాలిపోయాడు, అర్ధరాత్రి దాటిన కాసేపటికే అస్తమించాడు. చివరి వాదనలో, దిక్కులేని రోజుల్లో ఈ తల్లి తనకు అన్నం పెట్టిన సంగతి చెబుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడని అక్కడున్నవాళ్ళు తరవాత చెప్పారు. జ్యూరీ డఫ్‌ని విడిచిపెట్టింది. ఫీజు మాట ఎత్తవద్దన్నాడు లింకన్.

1861 ఫిబ్రవరిలో వాషింగ్టన్ వెళుతూ, ఆఫీసు బోర్డు దించవద్దని, బతికుంటే తిరిగొచ్చి ప్రాక్టీసు చేస్తానని హెర్న్‌డన్‌తో అన్నాడు. తరవాతి ఏడాది ఫిబ్రవరిలో పదకొండేళ్ళ విల్లీ వైట్ హౌస్‌లోనే జ్వరంతో పోయాడు. అదే డిసెంబరులో, బ్లూమింగ్టన్ కోర్టులో తనకు పాత పరిచయస్తుడైన క్లర్కు మెక్‌కల్లక్ యుద్ధంలో మరణించాడని, ఆయన కూతురు ఫానీ తిండి మానేసి గదిలో పడి ఉందని తెలిసింది. దేశం అట్టుడుకుతున్న ఆ రోజుల్లో లింకన్ ఆ పిల్లకు తన చేత్తో ఉత్తరం రాశాడు. దుఃఖం వెంటనే పోతుందని అబద్ధం చెప్పలేదు. కాలమే తగ్గించాలని, ఇప్పుడు నమ్మశక్యం కాకపోయినా మళ్ళీ సంతోషంగా ఉంటావని, ఇది అనుభవంతో చెబుతున్నానని రాశాడు.

1863లో హన్నా దగ్గర నుంచి మళ్ళీ కబురు వచ్చింది. సైన్యంలో చేరిన డఫ్‌కి జబ్బు చేసింది, ఇంటికి పంపించమని. ప్రెసిడెంటు లింకన్ డఫ్‌ని విడుదల చెయ్యమని ఉత్తర్వు ఇచ్చి, ఆ సంగతి ఆవిడకు తెలియజేశాడు.

1865 ఏప్రిల్ 14 రాత్రి తూటా తగిలి, మరునాటి ఉదయం కన్నుమూశాడు. మే 4న స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఓక్ రిడ్జ్ శ్మశానంలో పాతిపెట్టారు. హెర్న్‌డన్‌తో కలిసి పనిచేసిన ఆఫీసు అదే ఊళ్ళో ఉంది. ఇల్లినాయ్ వైపు వెళితే పిల్లలకు చూపించండి.