తప్పు నోట్లున్న గొప్ప రికార్డు

పిల్లలూ, మీలో పియానో నేర్చుకునేవాళ్ళు ఉన్నారు కదా! గ్రేడ్ పరీక్షలో ఒక్క నోటు తప్పు పడితే ఎంత ఏడుపొస్తుందో మీకే బాగా తెలుసు. మరి ఒక రికార్డులో బోలెడు తప్పు నోట్లున్నా, దాదాపు తొంభై ఏళ్ళుగా జనం దాన్ని వెతుక్కుని మరీ వింటున్నారంటే నమ్ముతారా? ఆ రికార్డు వాయించినాయన పేరు ఆర్తూర్ ష్నాబెల్.

ఆయన 1882లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అప్పుడు ఆ ఊరు ఆస్ట్రియా రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. చిన్నప్పుడే వియన్నా వచ్చి లెషెటిట్‌స్కీ అనే పేరున్న గురువు దగ్గర చేరారు. వేళ్ళ వేగం చూపించి చప్పట్లు కొట్టించుకునే రకం కాదు ఈ పిల్లాడు, సంగీతంలోకి దిగిపోయే రకం అని గురువుగారు కనిపెట్టేశారు. అందుకే అప్పట్లో కచేరీల్లో ఎవరూ పెద్దగా వాయించని షూబర్ట్ సొనాటాలు చూడమన్నారు.

సొనాటా అంటే రెండు, మూడు లేక నాలుగు భాగాలున్న పెద్ద రచన. బీతోవెన్ పియానో కోసం అలాంటివి 32 రాశారు. ఆయన చనిపోయి వందేళ్ళయిన సందర్భంగా 1927లో ష్నాబెల్ బెర్లిన్‌లో ఆ 32 సొనాటాలూ వాయించారు.

రికార్డు చేద్దామంటే మాత్రం చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు. ఈరోజు వాయించినట్టు రేపు వాయించం కదా, దాన్ని ఒక్కచోట బిగించేస్తే ఎలా అని ఆయన బాధ. చివరికి ఒప్పుకుని, 1932 నుంచి 1935 దాకా లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో మొత్తం 32 వాయించారు. అంతకుముందు ఎవరూ అన్నీ రికార్డు చెయ్యలేదు. ఆ కాలంలో రికార్డు ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది. పెద్ద భాగమైతే మధ్యలో ఆపి, మళ్ళీ అదే భావంతో అందుకోవాలి. ఒక్క నోటు తప్పినా దాన్నొక్కదాన్నే దిద్దడానికి లేదు, ఆ వైపంతా మళ్ళీ వాయించాల్సిందే. ఇప్పుడు ఫోన్‌లో కట్ చేసి అతికించేసే మీకు ఇది వింతగా ఉంటుంది!

ఆ తప్పులు బాగా వినపడేది ‘హామర్‌క్లావియర్’ అనే సొనాటాలో. దాని మొదటి భాగానికి బీతోవెనే మెట్రోనోమ్ గుర్తు రాశారు: నిమిషానికి 138 హాఫ్ నోట్లు. అది మరీ ఎక్కువ వేగమని చాలామంది నెమ్మదిగా వాయిస్తారు. ష్నాబెల్ ఆ వేగాన్నే అందుకోబోయారు. కొన్నిచోట్ల వేళ్ళు తడబడ్డాయి, నోట్లు కలిసిపోయాయి. కానీ వింటుంటే ఎవరో ఊపిరి బిగబట్టి కొండెక్కుతున్నట్టుంటుంది. ఇక మూడో భాగం చాలా నెమ్మది. అక్కడ ఆయనకి తొందరే లేదు. ఒక్కో స్వరాన్నీ ఆలోచించి మాట్లాడినట్టు వాయిస్తారు. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం.

ఈ రికార్డింగులు సగంలో ఉండగానే, 1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్ళకు పైగా తన ఇల్లనుకున్న బెర్లిన్‌ని ష్నాబెల్ వదిలేయాల్సి వచ్చింది. 1939లో అమెరికా వెళ్ళారు, తర్వాత అక్కడి పౌరుడయ్యారు. వాళ్ళమ్మగారు మాత్రం వియన్నాలోనే ఉండిపోయారు. 1942లో, ఎనభై దాటిన ఆ పెద్దావిడని నాజీలు తెరేజీన్‌స్టాట్ క్యాంపుకి పట్టుకుపోయారు. ఆవిడ అక్కడే చనిపోయారు.

యుద్ధం అయిపోయినా ష్నాబెల్ మళ్ళీ జర్మనీలోగానీ ఆస్ట్రియాలోగానీ అడుగు పెట్టలేదు. కానీ జర్మనీలో పుట్టిన బీతోవెన్‌ని, వియన్నాలో పుట్టిన షూబర్ట్‌ని వదల్లేదు. 1951లో స్విట్జర్లాండ్‌లో చనిపోయేదాకా వాళ్ళ సంగీతమే ఆయనకి ప్రాణం.

ఇప్పుడు మీ పని. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని ‘హామర్‌క్లావియర్’ మొదటి భాగం ష్నాబెల్ వాయించింది వినండి. తర్వాత ఇంకెవరైనా వాయించింది వినండి. ఒకే కీర్తన ఇద్దరు పాడితే రెండు రకాలుగా ఉంటుంది కదా, ఇదీ అంతే. మీకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో తెలుగులో ఐదు వాక్యాలు రాయండి. పాత రికార్డు కాబట్టి వెనకాల కరకరమని చప్పుడొస్తుంది, స్పీకర్ పాడైందని అనుకోకండి!