మహావీరాచార్యుడు కూర్చిన అంకెల హారము

బళ్ళారి మండలమున సండూరు, యశ్వంతనగర్ మొదలగు గ్రామములున్న సీమ తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూటుల యేలుబడిలో నుండెను. వారి రాజధాని మాన్యఖేటము, అనగా నేటి కలబురగి జిల్లాలోని మల్ఖేడు. క్రీ.శ. 814 ప్రాంతమున సింహాసనమెక్కి అరువది యేండ్లకు పైగా పాలించిన అమోఘవర్ష నృపతుంగుడు జినసేనాచార్యుని భక్తుడు. ఆ ప్రభువు కాలముననే, 850 ప్రాంతమున, దిగంబర జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. ఆచార్యుడు అందు తన వంశమును గాని, ఊరిని గాని చెప్పుకొనలేదు. మహావీర తీర్థంకరునకు మ్రొక్కి, రాజును కొనియాడి, గణితమును ప్రశంసించి లెక్కలలోనికి దిగెను. కనుక ఆయన చరిత్రమనగా ఆ గ్రంథమే.

అది తొమ్మిది అధ్యాయముల గ్రంథము. జ్యోతిషముతో ముడిపెట్టక గణితమునే చెప్పినది. స్థానములకు ఏకము మొదలు మహాక్షోభము వరకు 24 పేర్లున్నవి. గుణకారపు ఉదాహరణములలో జినాలయములకు పద్మములు, రత్నములు అర్పింతురు. అచ్చటనే ఆచార్యుని సరదా బయటపడును. లబ్ధము ఎటు నుండి చదివినను ఒక్కటే యగునట్లు సంఖ్యలను ఏర్చి, వానిని రాజులకు తగిన కంఠాభరణములనెను. 139ని 109చే గుణించిన 15151 వచ్చును. 152207ను 73చే గుణించిన ఎనిమిది ఒకట్లు వరుసగా నిలుచును. 12345679ని 9చే గుణించిన తొమ్మిది ఒకట్లు!

ఈ కడపటి హారములో ఒక పెద్ద మణి దాగియున్నది. 12345679 అనునది 37, 333667ల లబ్ధము. ఈ రెండును ప్రధాన సంఖ్యలే. అనగా ఒకటిచేతను, తమచేతను తప్ప మరి దేనిచేతను శేషము లేకుండ భాగింపబడవు. 37ను మూడుచే గుణించిన 111, 333667ను మూడుచే గుణించిన 1001001. ఈ రెంటిని గుణించి చూడుడు, ఒకట్ల వరుస యెట్లు పుట్టినదో తెలియును. ఒకటిని 333667చే భాగించిన దశాంశములు తొమ్మిదేసి అంకెలకు మరల వచ్చును. ప్రధాన సంఖ్యలలో ఈ తొమ్మిదంకెల ఆవృత్తి గలది ఇదొక్కటియే. ఈ విశేషము తరువాతివారి గణితము చూపినది. హారమును గ్రుచ్చినవాడు మాత్రము ఆచార్యుడే.

ఆయన పొరపడని మహాత్ముడని చెప్పబనిలేదు. సున్నచే భాగించినను సంఖ్య మారదనుట తప్పు. ఋణసంఖ్యకు వర్గమూలము లేదనుటలో మాత్రము, అది స్వభావముచేతనే వర్గము కాజాలదని కారణము సూక్ష్మముగా చెప్పెను.

పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన ఈ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన శైవుడు. జైన ప్రస్తావనల స్థానమున శివుడు వెలసెను. ఇది జైనులకు కొంచెము కష్టము కలిగించు మాటయే. అయినను మల్లన పూనుకొననిచో ఆ లెక్కలు తెలుగువారి నోటికి అంత త్వరగా ఎక్కియుండవు. సంస్కృత మూలము 1912లో ప్రొఫెసర్ రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో మద్రాసు ప్రభుత్వ ముద్రణగా వెలువడెను. అందు జినాలయములు, రత్నములు ఆచార్యుడు ఉంచినచోటనే యున్నవి.