ఎవార్ట్స్ గ్రాహం

ఎవార్ట్స్ ఆంబ్రోస్ గ్రాహం (మార్చి 19, 1883 - మార్చి 4, 1957) అమెరికాకు చెందిన ప్రముఖ శస్త్రవైద్యుడు. కాన్సర్ వచ్చిన ఊపిరితిత్తిని ఒకే శస్త్రచికిత్సలో పూర్తిగా తొలగించి, రోగిని బ్రతికించిన మొదటి వైద్యుడిగా ఇతడు ప్రసిద్ధుడు.

తొలి జీవితం

ఇతడు షికాగో నగరంలో జన్మించాడు. తండ్రి డేవిడ్ గ్రాహం కూడా శస్త్రవైద్యుడే. 1904లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, 1907లో రష్ వైద్య కళాశాల నుండి వైద్యపట్టా పొందాడు.

1918లో అమెరికా సైనిక శిబిరాలలో న్యుమోనియా ప్రబలి, ఛాతీలో చీము చేరి ఎందరో సైనికులు మరణించారు. దీనిని పరిశోధించిన సంఘంలో గ్రాహం సభ్యుడు. వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడే ఛాతీని తెరిస్తే గాలి లోనికి చొరబడి రెండు ఊపిరితిత్తులకూ ముప్పు కలుగుతుందని, సూదితో చీము తీస్తూ కొంతకాలం ఆగి ఆ తరువాతే కోయాలని ఇతడు నిరూపించాడు. దీనివలన మరణాలు బాగా తగ్గాయి.

ఊపిరితిత్తి తొలగింపు

1919లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స విభాగానికి అధిపతి అయ్యాడు. 1933 ఏప్రిల్ 5న 48 ఏళ్ల వైద్యునికి శస్త్రచికిత్స చేస్తూ, కణితి అనుకున్నదానికంటే విస్తరించి ఉండటం గమనించి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించాడు. ఆ రోగి మరో 30 ఏళ్లు జీవించాడు.

పొగాకుపై పరిశోధన

సిగరెట్లే ఈ వ్యాధికి కారణమన్న వాదనను గ్రాహం మొదట నమ్మలేదు. అతడూ పొగత్రాగేవాడే. అయినా విద్యార్థి ఎర్నెస్ట్ వైండర్ పరిశోధనకు అనుమతినిచ్చాడు. 684 మంది రోగుల వివరాలతో వీరిరువురూ 1950లో ప్రచురించిన వ్యాసం ఆ సంబంధాన్ని బలంగా చూపింది. 1953లో పొగాకు తారు పూసిన ఎలుకల చర్మంపై కాన్సర్ వచ్చినట్లు వెల్లడించారు. గ్రాహం పొగత్రాగటం మానివేశాడు. కాని 1957లో అతనికీ అదే వ్యాధి బయటపడింది. రెండు ఊపిరితిత్తులకూ వ్యాపించినందున శస్త్రచికిత్సకు అవకాశం లేకపోయింది. అతడు బ్రతికించిన రోగి అతని తరువాత కూడా కొన్నేళ్లు జీవించాడు.

తరువాతి పరిణామాలు

కణితిని తొలగించినా కంటికి కనబడని కాన్సర్ కణాలు శరీరంలో మిగిలిపోవచ్చు. శస్త్రచికిత్స కలిగించే ఒత్తిడి, వాపు వలన వాటిని చంపే రక్షక కణాల శక్తి కొన్నాళ్లు తగ్గుతుందని, అదే అదనుగా అవి పెరిగే అవకాశముందని తరువాతి పరిశోధనలు సూచించాయి. ఐనా తొలిదశలో శస్త్రచికిత్సే ప్రధాన చికిత్స. శస్త్రచికిత్సకు ముందే రోగనిరోధక శక్తిని ప్రేరేపించేందుకు, కీమోథెరపీతో కలిపి నివోలుమాబ్ అనే మందును ఇవ్వటానికి 2022లో అమెరికా అనుమతించింది. కోతకు తగిన సమయం ఏదన్న గ్రాహం నాటి ప్రశ్న ఈ విధంగా కొత్త రూపంలో కొనసాగుతున్నది.