పాలమూరు టెక్స్ట్ ఎడిటర్

వెబ్ డెవలప్‌మెంట్ మొదలుపెట్టగానే ప్రతి ఫస్టియర్ బ్యాచ్‌లో ఒకటే పంచాయితీ. కోడ్ దేంట్లో రాయాలి? ఒకరు వీఎస్ కోడ్ అంటారు. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ చాలంటారు. ఈలోపు ఒక సీనియర్ వచ్చి, విమ్ తప్ప మిగతావన్నీ ఆటబొమ్మలని తేల్చేస్తారు. రాత్రి రెండింటిదాకా థీమ్‌లు, ఎక్స్‌టెన్షన్లు, షార్ట్‌కట్లు. తెల్లారేసరికి ఎడిటర్ రెడీ, పేజీ మాత్రం ఖాళీ.

ఈ పంచాయితీలో నా ఓటు ఒక మనిషికి. ఆయన కంప్యూటర్ ముందు ఎప్పుడూ కూర్చోలేదు. మన గద్వాల జిల్లా మనిషి, వనపర్తి ఎమ్మెల్యే, తెలంగాణలో పేరున్న ఎడిటర్లలో మొదటి వరుసలో ఉండే ఎడిటర్. సురవరం ప్రతాపరెడ్డి గారు. పరీక్షల కోసం ఆయన పేరు, ఒక అవార్డు, ఒక సంవత్సరం బట్టీ పట్టి వదిలేశాం కానీ, టెక్స్ట్‌ని ఎడిట్ చేయడం అంటే అసలు ఏం పనో ఆయన జీవితం చూస్తే అర్థమవుతుంది.

ఆయన 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. కృష్ణకీ తుంగభద్రకీ మధ్యన ఉన్న ఆ నేలని మనం నడిగడ్డ అంటాం. చదువు కోసం ముందు నది దాటి కర్నూలు వెళ్లారు, తర్వాత హైదరాబాదు, ఆ తర్వాత మద్రాసు. బి.ఏ. అయ్యాక లా కూడా పూర్తి చేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు, ఇన్ని భాషలు వచ్చు. వకీలుగా స్థిరపడితే హాయిగా బతకగలిగే మనిషి.

కానీ అప్పటి హైదరాబాద్ రాజ్యం పరిస్థితి వేరు. సర్కారు భాష ఉర్దూ. ఉస్మానియాలో పాఠాలూ ఉర్దూలోనే. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తర్వాతి ఏడాది నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెనుగు అనే పత్రికలు మొదలయ్యాయి. రాజధానిలో గట్టిగా నిలబడే తెలుగు పత్రిక ఇంకా కావాలి.

అప్పుడు హైదరాబాద్ కొత్వాలు రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి గారు. ఆయనదీ మన వైపే, వనపర్తి సంస్థానంలోని రాయణిపేట. ఊళ్ల నుంచి వచ్చే పిల్లల కోసం పెట్టిన రెడ్డి హాస్టల్ బాధ్యతని ఆయన ప్రతాపరెడ్డి గారికి అప్పగించారు. ఆ హాస్టల్‌లో ఉంటూనే ప్రతాపరెడ్డి గారు 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు వచ్చేది. వకాలత్ పక్కకి పోయింది.

పేరుకి ఎడిటర్, చేసేది మాత్రం అన్ని పనులూ. సంపాదకీయం రాయడం, వ్యాసాలు రాయడం, వచ్చినవి దిద్దడం, ప్రూఫులు చూడటం. రాసేవాళ్లు తక్కువైతే తానే వేరే వేరే పేర్లతో రాసేవారు. మన ప్రాజెక్టుల్లో నలుగురి పేర్లు పెట్టి ఒక్కరే కోడ్ రాస్తారు కదా, కొంచెం అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఆ ఒక్క మనిషి ఫిర్యాదు లేకుండా ఏళ్ల తరబడి చేశారు.

అప్పటి అచ్చు పని ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. అక్షరాలన్నీ సీసపు ముక్కలు. కంపోజిటర్ ఒక్కో ముక్కా ఏరి, తిరగేసి వరుసలో పేర్చాలి. అక్షరం ఒక చోట, దాని ఒత్తు ఇంకో చోట. ఒక్క ఒత్తు మారితే మాట మారిపోతుంది. నిజానికి మన కంప్యూటర్ చేసేదీ దాదాపు అదే. లక్ష్మి అనే మాట కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం ఏడు కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే ఇరవై ఒక్క బైట్లు. పేర్చే పని ఇప్పుడు మెషీన్ చేస్తుంది. సరిగ్గా వచ్చిందా లేదా చూసే పని అప్పుడూ మనిషిదే, ఇప్పుడూ మనిషిదే.

ఆయన ఎడిటింగ్‌లో పెద్ద పని 1934లో బయటికొచ్చింది. తెలంగాణలో కవులే లేరని ముడుంబ వెంకటరాఘవాచార్యులు గారు రాశారు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల్లో తరతరాలుగా పండితుల్ని పోషించిన నేల మీద నిలబడి ఆ మాట వింటే ఎవరికైనా మండుతుంది. కోపంతో ఒక ఘాటు వ్యాసం రాస్తే ఆయన పత్రికలో ఆయన్ని ఆపేవాళ్లెవరూ లేరు. అంతటితో ఆగకుండా ఆయన కవుల్ని వెతికే పని పెట్టుకున్నారు. పేర్లు, ఊళ్లు, వివరాలు, పద్యాలు పోగుచేసి గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అందులో ఉన్న కవులు 354 మంది. ఒక వాదనకి జవాబుగా ఒక డేటాబేస్ ఇచ్చారన్నమాట. తర్వాత వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

ఇదంతా స్వేచ్ఛగా రాయనిచ్చే కాలమూ కాదు. సంపాదకీయాల్ని ముందే చూపించి అనుమతి తీసుకోవాలని సర్కారు ఆంక్ష పెట్టింది. ఆయన పత్రిక ఆపలేదు, వెళ్లి బతిమాలుకోలేదు. సంపాదకీయం ఉండాల్సిన చోట ప్రపంచ మేధావుల సూక్తులు ఏరి వేశారు. సొంత మాట ఒక్కటీ లేదు, అయినా చెప్పాలనుకున్నది పాఠకుడికి చేరింది. ఏది ఎంచాలి, దేని పక్కన ఏది పెట్టాలి అన్నదే ఎడిటర్ చేతిలోని అసలు పనిముట్టు అని దీన్ని చూస్తే తెలుస్తుంది.

1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకి అధ్యక్షుడు ఆయనే. హిందువుల పండుగలు, మొగలాయి కథలు లాంటి పుస్తకాలు రాశారు. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చింది. రాజులు, యుద్ధాలు పక్కన పెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికిన పుస్తకం అది. సమాచారం ఎక్కడిది? పాల్కురికి సోమనాథుడి నుంచి మొదలుపెట్టి పాత కావ్యాలన్నీ జల్లెడ పట్టారు. మనం కంట్రోల్ ఎఫ్ కొడితే అర సెకనులో వచ్చేదాన్ని ఆయన వేల పద్యాలు చదివి చేత్తో రాసుకున్నారు. అయితే ఒక తేడా ఉంది. వెతకాల్సిన మాట ఏదో తెలిస్తేనే కంట్రోల్ ఎఫ్ పనిచేస్తుంది. పద్యంలో కవి మామూలుగా అనేసి వెళ్లిపోయిన ఒక వంటకం పేరో, ఒక ఆట పేరో చరిత్ర అవుతుందని గుర్తుపట్టడం చదివిన మనిషికే సాధ్యం.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకి గెలిచారు. మరుసటి ఏడాది ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెలుగులో మొట్టమొదటిసారి ఇచ్చింది ఆ సాంఘిక చరిత్రకే. అందుకోవడానికి ఆయన లేరు.

ఇక మన పంచాయితీ. 1934 నాటి మాట ఇప్పుడు ఎవరూ పెద్దగా అనక్కర్లేదు, సెర్చ్ బాక్సే అంటుంది. నెట్‌లో దొరకనివాళ్లు లేనివాళ్ల కిందే లెక్క. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఎంతో ఉంది. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో అదంతా పిచ్చిగీతలు, తెలుగులో వెతికితే ఒక్క ముక్క తగలదు. స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టిన పేజీలదీ చాలావరకు అదే గతి. అచ్చయిన కవి రెండోసారి మాయమైపోతున్నాడు.

అందుకే ఎడిటర్ ఎంచుకునేటప్పుడు డార్క్ థీమ్ కంటే ముందు ఈ పరీక్ష పెట్టండి. లక్ష్మి, శాస్త్రి, స్వాతంత్ర్యం అని కొట్టండి. ఒత్తులు విడిపోకుండా కనిపిస్తున్నాయా? బ్యాక్‌స్పేస్ కొడితే ఏది చెరుగుతుంది? టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లలో చాలాసార్లు ఇక్కడే తెలుగు చెదిరిపోతుంది. ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ అవుతోందా? పేజీ మొదట్లో క్యారెక్టర్ సెట్ రాశారా? లాంగ్ అనే చోట అలవాటుగా ఈఎన్ వదిలేయకుండా టీఈ పెట్టారా? చూపులేనివాళ్లకి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి ఏ భాషలో చదవాలో చెప్పేది ఆ రెండక్షరాలే. ఈ పరీక్ష పాసైన ఎడిటర్ ఏదైనా నాకు ఓకే, ఉచితంగా దొరికేవే చాలు.

తర్వాత దాంట్లో ఏం రాయాలి? మినీ ప్రాజెక్టుకి మళ్లీ కాలిక్యులేటరో, టు-డూ లిస్టో చేసే బదులు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన వాళ్లం ఒక పని చేయొచ్చు. గోలకొండ కవుల సంచిక తెరిచి, తలా ఒక కవిని తీసుకుని, ఆ కవి పేరుకి, ఊరికి వెతికితే దొరికే ఒక తెలుగు పేజీ కట్టడం. మా క్లాసులో అరవై మందిమి. అలాంటి క్లాసులు ఆరు కలిస్తే 354 పేజీలూ పూర్తయి, ప్రూఫులు చూడటానికి ఇంకో ఆరుగురు మిగులుతారు.