ఆకాశమును చిత్రించిన ట్రూవెలో

చిత్రలేఖనము వేఱు, శాస్త్రము వేఱు అని మనలో పలువురు తలంచుచుందురు. ఈ రెండింటిని ఒక్క కాగితముపై గూర్చిన యొక చిత్రకారుని చరిత్రమును మా పాఠశాల విద్యార్థులకు దెలుపగోరుచున్నాము.

ఎత్యెన్ లియొపోల్డ్ ట్రూవెలో 1827వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున జన్మించెను. 1851లో లూయీ నెపోలియను బలాత్కారముగా అధికారమును హస్తగతము చేసికొనిన పిమ్మట, ఈయన సకుటుంబముగా స్వదేశమును వీడి అమెరికాకు బోయి, మెడ్‌ఫర్డు పట్టణమున చిత్తరువులు వ్రాయుచు కాలము గడపెను.

పట్టుపురుగుల పెంపకమునందు ఈయనకు మక్కువ మెండు. ఆ యాసక్తితో 1860వ దశకము చివర ఐరోపానుండి జిప్సీ చిమ్మెటను తెప్పించి పెంచుచుండగా, కొన్ని పురుగులు తప్పించుకొని పోయెను. ఇరువది యేండ్లకు, అనగా 1889లో, వాని సంతతి ఆ పట్టణపు చెట్లను ఆకు మిగులకుండ తినివేసెను. నేటికిని ఆ పురుగు అమెరికా అడవులకు చేటు కలిగించుచునే యున్నది.

అటుపిమ్మట ఈయన దృష్టి ఆకాశమువైపు మరలెను. ఉత్తరధ్రువకాంతులను చూచి ఈయన వ్రాసిన పటములు పండితుల మన్ననలందగా, 1872లో హార్వర్డు నక్షత్రశాలాధ్యక్షుడగు విన్‌లాక్ ఈయనను ఆహ్వానించెను. 1875లో వాషింగ్టనునందలి 26 అంగుళముల దూరదర్శినితో పనిచేయు భాగ్యము లభించెను. దూరదర్శినిలో గళ్లు గీచిన గాజుపలకను అమర్చి, కాగితముపైనను అట్టి గళ్లే గీచి, ఒక్కొక్క గడిలో కానవచ్చినదానిని ఆ గడిలోనే వ్రాయుట ఈయన పద్ధతి. 1878 జూలై 29వ తేదీన వయోమింగు సీమలో సంపూర్ణ సూర్యగ్రహణమును గాంచి చిత్రించెను. ఈయన వ్రాసిన పటములు సుమారు 7000. వానిలో 15 వర్ణచిత్రములు 1882లో అచ్చుపడెను. ఆ యేడే స్వదేశమునకు మరలి, మ్యూడాన్ నక్షత్రశాలలో పనిచేసి, 1895లో కాలధర్మము నొందెను.

ఈయన తప్పును దాచి పొగడుట మాకు సమ్మతము కాదు. తప్పునే చూచి పనిని మరచుటయు న్యాయము కాదు. ఒక్క మనుజుని ఏమరుపాటు అడవులకు కీడయ్యెను. ఆ మనుజుని ఓర్పే జ్ఞానమునకు మేలయ్యెను. శాస్త్రశాలలో పురుగులున్న సీసాకు మూత బిగించునపుడును, చిత్రలేఖనపు తరగతిలో గళ్లు గీచునపుడును, మనమీయనను స్మరింతుము గాక.