పెద్దలకు నేర్పిన యువజన సేవకుడు: బిషప్ అజరయ్యగారి జీవితము

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 3వ అధ్యాయము; 2 తిమోతి 2:2



ఏలీయొద్ద పరిచర్య చేయుచుండిన బాలుడైన సమూయేలు కథ మనమందరము ఆదివారపు బడిలో నేర్చుకొన్నదే. అయితే మన సంఘములలో యువజన సంఘ కమిటీకి ఏర్పరచబడిన పెద్దలు ఆ అధ్యాయమును మరల ఒకసారి చదువవలెనని కోరుచున్నాము. ఈసారి బాలుని వైపు కాక, వృద్ధుడైన ఏలీ వైపు చూచుచు చదువుడి. దేవుడు పిలిచినది బాలుని. ఆ పిలుపు ఎవరిదో గుర్తించి, ఎట్లు ఉత్తరమియ్యవలెనో నేర్పి, బాలుని తిరిగి తన చోటికి పంపినది ఏలీ. అతడు తానే వెళ్లి బాలుని స్థలములో పండుకొనలేదు. యౌవనుల మధ్య పెద్దవారు చేయవలసిన పని చాలవరకు ఇదియే.

ఈ పనిని తాను నేర్చుకొని, తెలుగు పల్లెలలో వేలమందికి నేర్పిన దైవజనుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. వారు 1874 ఆగస్టు 17న తమిళదేశమందలి తిరునెల్వేలి ప్రాంతములో, వెళ్ళాలన్‌విళై అను గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు ఆ గ్రామ సంఘకాపరి. తల్లి ఎల్లెన్‌గారు హన్నావలె ఏండ్ల తరబడి ప్రార్థించి కన్న బిడ్డ గనుక సమూయేలు అను పేరు పెట్టిరి. శామ్యూల్ అనగా ఆ పేరే. 1889లో తండ్రి ప్రభువునందు నిద్రించగా తల్లియే ఆయనను పెంచి చదివించెను. బడిలో ఉన్న దినములలోనే కులభేదములు పోవలెనని తోటి విద్యార్థులతో ఒక చిన్న సంఘమును ఏర్పరచిరి. తరువాత మదరాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివిరి గాని, పట్టపరీక్ష సమయమున జబ్బుపడి ఆ పట్టమును పొందలేకపోయిరి. మేము చదువుకొన్నవారము కాము, యౌవనులకు ఏమి చెప్పగలమని వెనుకకు తగ్గు పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

1895లో, ఇరువది యొక్క యేండ్ల ప్రాయమున, వారు వై.ఎం.సి.ఎ. అనబడు క్రైస్తవ యువజన సంఘమునకు కార్యదర్శియైరి. 1844లో లండను నగరమందు జార్జి విలియమ్స్ అను బట్టల దుకాణపు గుమాస్తా తన తోటి పనివారిని కూర్చుకొని ఆరంభించిన సంఘమది. అజరయ్యగారు 1909 వరకు పదునాలుగు సంవత్సరములు దక్షిణదేశమంతయు తిరుగుచు యౌవనులను వాక్యధ్యానమునకును ప్రార్థనకును కూర్చిరి. కార్యదర్శి ఒక ఊరిలో నెలల తరబడి నిలువలేడు, వచ్చును, పోవును. అతడు పోయిన తరువాత ఆ కూటము నిలుచుట ఆ ఊరి పెద్దలపై ఆధారపడును. పెద్దలు సిద్ధపడిన చోట కూటము నిలుచును. లేనిచోట దీపమువలె ఆరిపోవును. ఇది మన పల్లెలలోను మనము చూచుచున్న సంగతియే.

1902లో వారు యాఫ్నాకు వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్త పని జరిగించుట చూచి, మన సంఘములు ఏల ఇట్లు చేయకూడదని భారముపొందిరి. ఫలముగా 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలిలో భారత మిషనరీ సంఘము పుట్టెను. పనివారు మన దేశస్థులే, ధనము మన దేశస్థులదే, నిర్వాహము మన దేశస్థులదే. అంతవరకు దొరలు నిర్ణయించగా విని తలయూపిన పెద్దలు ఇప్పుడు లెక్క చూచుట, పనివారిని ఎన్నుకొనుట, వారికొరకు ప్రార్థించుట తామే నేర్చుకొనవలసి వచ్చెను. బాధ్యత భుజముమీద పడినప్పుడే వారికి శిక్షణ కలిగెను. ఆ సంఘము ఎన్నుకొన్న పొలము నైజాము రాజ్యములోని డోర్నకల్. నేడది తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘము ఏర్పడినప్పుడును అజరయ్యగారే దానికి ముఖ్య కార్యదర్శిగా ఉండిరి.

ఇతరులను పంపినవాడు తానును వెళ్లవలెనని తలంచి, 1909లో గురుపట్టము పొంది, తెలుగు నేర్చుకొని, భార్య అంబు మరియమ్మాళ్‌గారితో డోర్నకల్ చేరిరి. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వారొక మాట చెప్పగా సభ కలవరపడెను. మిషనరీలు తమ ఆస్తిని, దేహమును సహా మాకొరకు ఇచ్చిరి, అందుకు కృతజ్ఞులము. అయితే మాకు కావలసినది స్నేహము అనునదే ఆ మాట సారము. యజమానుడు పనివానికి సమస్తము ఇచ్చియు తన ప్రక్కన కూర్చుండనియ్యకపోవచ్చును. పెద్దలారా, మన యౌవనులు మన వైపు చూచి ఇదే మాట చెప్పిన మనమేమి ఉత్తరమిత్తుము? ఆటల పోటీకి చందా ఇచ్చితిమి, క్రిస్మసు నాటకమునకు పందిరి వేయించితిమి. వారి యింటికి వెళ్లి కూర్చుంటిమా?

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలునందు వారు డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు వారే. అప్పుడు ఆ ఖండములో మన దేశపు గురువులు బహు కొద్దిమంది, ఊళ్లేమో అనేకములు. సామాన్య విశ్వాసులను సిద్ధపరచుటకంటె వేరు మార్గములేదు. గురువు పనికి సిద్ధపడువారితోకూడ వారి భార్యలకును బోధించిరి. క్రొత్తగా బాప్తిస్మము పొందినవాడు తన చేతిని తలమీద ఉంచుకొని, సువార్త ప్రకటింపనియెడల తనకు శ్రమ అని పౌలు భక్తుడు చెప్పిన సత్యమును తనదిగా ఒప్పుకొనునట్లు అలవాటు చేసిరి. ఏటేట సాక్ష్య వారము జరుగగా, కూలిపనివారును రైతులును స్త్రీలును గుంపులుగా పొరుగూళ్లకు వెళ్లి పాడుచు సాక్ష్యమిచ్చుచుండిరి. 1935 నాటికి ఆ ఖండములో రెండువేలకు మించిన గ్రామోపాధ్యాయులుండిరి. మాల, మాదిగ సహోదరులు వేరు వేరుగా కాక ఒకే సంఘముగా కూడవలెనని బిషప్పుగారు పట్టుబట్టిరి. 1939 జనవరి 6న డోర్నకల్ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1న వారు అక్కడనే ప్రభువునందు నిద్రించిరి. వారు ప్రయాసపడిన సంఘముల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను.

ఈ జీవితమునుండి మన కమిటీ పెద్దలు నేర్చుకొనవలసిన సంగతులు నాలుగు వ్రాయుచున్నాము.

మొదటిది, పెద్దవాడు ముందుగా తానే నేర్చుకొనువాడై యుండవలెను. కమిటీలో పేరు చేర్చుటతో పని ముగియదు. ఏడాదికి ఒకమారైనను పెద్దలు ఒకచోట కూడి, వాక్యము చదివి, యౌవనుల కష్టములేవో అడిగి తెలిసికొని, ఎవరు ఏ పని చూడవలెనో పంచుకొనవలెను.

రెండవది, పని యౌవనుల చేతికి ఇచ్చి ప్రక్కన నిలువవలెను. లెక్కల పుస్తకము వారు వ్రాయనిండు. మీరు నెలకొకమారు కూర్చుండి చూడుడి. తప్పిన యెడల పుస్తకము లాగికొనక, దిద్ది మరల ఇయ్యుడి.

మూడవది, కమిటీలో ఒక కుటుంబము, ఒక వాడ మాత్రమే ఉండరాదు. పెద్దలు విడివిడిగా కూర్చున్న సంఘములో యౌవనులు కలిసి నడచుట ఎట్లు?

నాలుగవది కఠినమైనది. ఏలీ తన కుమారుల దోషము ఎరిగియు వారిని అడ్డగింపలేదు. అందుచేత ఆ యింటిమీదికి తీర్పు వచ్చెను. సమూయేలుకు అంత చక్కగా నేర్పినవాడే ఇక్కడ మాటతో మందలించి ఊరకుండెను. ఆడపిల్లల కూటమునకు తప్పక స్త్రీలు పెద్దలుగా ఉండవలెను. పెద్దవారెవరును ఒక బిడ్డతో ఒంటరిగా మూసిన గదిలో ఉండరాదు. ఒక బిడ్డ భయపడి ఏదైనను చెప్పినయెడల, సంఘము పరువు పోవునని దానిని కప్పిపుచ్చరాదు. బిడ్డను కాపాడుటయే సంఘమునకు పరువు.

ఇదంతయు ఎందుకని అడుగుదురేమో. మన పల్లెల యౌవనులు నేడు పట్టణమునకు వెళ్లిపోవుచున్నారు. సినిమాలలో ఏదైన పని దొరకునను ఆశతో హైదరాబాదునకు వెళ్లి, యూసుఫ్‌గూడలోను దాని ప్రక్కనున్న కృష్ణానగరులోను ఇరుకు గదులలో నలుగురైదుగురు కూడి అద్దెకుండువారున్నారు. జూబిలీహిల్స్, ఫిలింనగరు మేడలు అక్కడికి దగ్గరే, గాని ఆ మేడల తలుపులు అందరికి తెరువబడవు. పని దొరకని సాయంకాలము, అద్దె కట్టలేని నెలలో, ఆ బిడ్డ ఎవరికి ఫోను చేయును? తల్లిదండ్రులకు చెప్ప సిగ్గుపడును. చిన్నప్పుడు తనతో కూర్చుండి మాటలాడిన పెద్ద ఒకడు ఊరిలో ఉన్నయెడల అతనికి చేయును. అట్టివాడు లేనియెడల ఎవరికి చేయునో, ఏ స్నేహము వెదకుకొనునో మనమెరుగము. ఆ ఫోను రావలెనంటే, బిడ్డ ఊరు విడువకముందే ఆ స్నేహము కలిగియుండవలెను.

కాబట్టి రాబోవు నెలలో కమిటీ పెద్దలందరు ఒక సాయంకాలము దేవాలయములో కూడి, ఊరు విడిచి వెళ్లిన యౌవనుల పేర్లు ఒక కాగితముమీద వ్రాయుడి. ఒక్కొక్క పెద్ద ఇద్దరు ముగ్గురి పేర్లు తీసికొని, వారికొరకు ప్రార్థించి, ఆ వారములోనే వారితో మాటలాడవలెను.

ప్రార్థన: బాలుని పేరుపెట్టి పిలిచిన దేవా, నీ పిలుపును గుర్తించు చెవిని మా పెద్దలకు దయచేయుము. మా యౌవనులకు యజమానులుగా కాక స్నేహితులుగా నుండు కృపనిమ్ము. దూరముననున్న మా బిడ్డలను కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.